కల్లానికి బయల్దేరే ముందు బీఎస్‌6 లారీలో చూసుకోవాల్సినవి

కోతల సీజన్‌లో లారీ ఆగితే కిరాయి పోయినట్టే. ఈ నాలుగూ మరవొద్దు.

– యాడ్‌బ్లూ (పొగలోని విషవాయువులను తగ్గించే యూరియా ద్రవం) నీలం మూత ట్యాంకులోనే పోయండి. పొరపాటున డీజిల్ ట్యాంకులో పడితే స్టార్ట్ చేయొద్దు, తాళం కూడా తిప్పొద్దు. పంపు, ఇంజెక్టర్ల దాకా వెళ్తే ఖర్చు తట్టుకోలేం. ట్యాంకు దించి కడిగించుకోవడమే చవక.

– పొలం యూరియా నీళ్లలో కలిపి పోయొద్దు. యాడ్‌బ్లూలో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. ఎరువులోని మలినాలు పొగను శుద్ధి చేసే క్యాటలిస్టును చంపేస్తాయి. డబ్బా డబ్బులు మిగిలాయని మురిసిపోయేవాళ్లు ఇంకా ఉన్నారు!

– రీజనరేషన్ (పొగ ఫిల్టర్లో పేరుకున్న మసిని కాల్చేయడం) జరుగుతుంటే గడ్డి దగ్గర ఆపొద్దు. లోపల వేడి 600 డిగ్రీల దాకా వెళ్తుంది.

– నాక్స్ సెన్సర్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేది) కనెక్టర్ మీద ప్రెషర్ నీళ్లు వద్దు. తడి చేరితే చెక్ లైటు వెలుగుతుంది. వాషింగ్ కుర్రాడికి ముందే చెప్పండి.