పొందూరు ఖద్దరుతో ఇంటికి కుషన్ల అలంకరణ

శ్రీకాకుళం జిల్లాలో కుషన్ల గలీబులకు బట్ట వెతికేవారు ముందుగా పొందూరు ఖద్దరును చూడాలి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరచి, చేతితో వడికి నేసే ఆ బట్టలో నూలు అక్కడక్కడ కాస్త లావై, కాస్త సన్నమై కనిపిస్తుంది. కిటికీ వెలుగు పక్క నుంచి పడినప్పుడు ఆ గరుకుదనమే అలంకారమవుతుంది కనుక, దానిపై అద్దాలూ జరీ అంచులూ కుట్టించకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

కుట్టించే ముందు బట్టను ఒక రాత్రి నీటిలో నానబెట్టి ఆరవేయాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే గలీబు కుంచించుకుపోతుంది. పద్దెనిమిది అంగుళాల దిండుకు పదహారు అంగుళాల గలీబు తొడిగితే మూలలు నిండుగా నిలుస్తాయి. లోపలికి బూరుగు దూది ఎంతో మెత్తన. అయితే వాడేకొద్దీ అది ఉండకడుతుంది కాబట్టి తరచుగా ఎండలో వేసి, చేత్తో విడదీయాలి.

ముగ్గురు కూర్చునే సోఫాకు మూడు కుషన్లు చాలు: చివరల్లో రెండు పెద్దవి లేత రంగులో, ఒక పెద్దదాని ముందు చిన్నది ముదురు రంగులో ఉంచాలి. అంతకుమించితే అతిథి కూర్చోవడానికి వాటిని తీసి పక్కన పెట్టవలసి వస్తుంది. ఉయ్యాల బల్లకు గుండ్రని బాలీసు రెండు కొసలా సరిపోతుంది. వీధి అరుగు మీదివి మాత్రం ముదురు రంగువై ఉండాలి, సాయంత్రానికి లోపలికి చేర్చాలి.