అమెరికాలో అథ్లెటిక్ ట్రైనింగ్ మాస్టర్స్: మంచి ప్రోగ్రామ్‌ను ఎలా ఎంచుకోవాలి, అందులోని అవకాశాలను ఎలా అందుకోవాలి?

2023 జనవరి 2 రాత్రి సిన్సినాటిలో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. బఫెలో బిల్స్ ఆటగాడు డామర్ హామ్లిన్ ప్రత్యర్థిని అడ్డుకుని లేచి నిలబడ్డాడు, అంతలోనే వెనక్కి పడిపోయాడు. గుండె ఆగిపోయింది. పరుగున వచ్చి అతని ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేసింది ఆ జట్టు అసిస్టెంట్ అథ్లెటిక్ ట్రైనర్ డెనీ కెల్లింగ్టన్. ఆ ఏడాది ఆగస్టుకల్లా హామ్లిన్ మళ్లీ ఆటలోకి దిగాడు.

అథ్లెటిక్ ట్రైనర్ అంటే మనవాళ్లు చాలామంది జిమ్‌లో బరువులు ఎత్తించే ట్రైనర్ అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. క్రికెట్‌లో బ్యాటర్‌కు బంతి తగిలితే బ్యాగు పట్టుకుని మైదానంలోకి పరుగెత్తే ఫిజియోను గుర్తుచేసుకోండి. ఆ పనికి తోడు గాయం కాకుండా చూడటం, గాయమైతే అదేమిటో అక్కడికక్కడే తేల్చడం, ప్రాణం మీదికి వస్తే కాపాడటం, నెలల తరబడి సాధన చేయించి తిరిగి ఆటకు పంపడం అన్నీ ఒక్కరి చేతి మీదుగా జరుగుతాయి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1990లోనే దీన్ని ఆరోగ్య రంగ వృత్తిగా గుర్తించింది.

నేను ఈ కోర్సు మిడ్‌వెస్ట్‌లోని ఒక యూనివర్సిటీలో చదివాను. మన దగ్గర బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసినవాళ్లు, వ్యాయామ విద్య చదివినవాళ్లు దీని గురించి తరచూ అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేవన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ముందు గుర్తింపు చూడండి

ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ సీఏఏటీఈ. ఆ గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లో చదివితేనే బీఓసీ అనే సర్టిఫికేషన్ పరీక్ష రాయనిస్తారు. అది పాసవకపోతే దాదాపు ఏ రాష్ట్రంలోనూ లైసెన్స్ రాదు. ఇప్పుడు ఈ వృత్తిలోకి రావాలంటే మాస్టర్స్ తప్పనిసరి. బ్యాచిలర్స్ ప్రోగ్రామ్‌లు 2022 ఫాల్ సెమిస్టర్ నుంచి కొత్తవాళ్లను చేర్చుకోవడం లేదు. స్పోర్ట్స్ సైన్స్, కైనెసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) లాంటి పేర్లు దగ్గరగానే అనిపిస్తాయి కానీ వాటితో బీఓసీ రాయలేరు. పేరు చూసి పొరబడితే రెండేళ్లు, లక్షల రూపాయలు పోతాయి. సీఏఏటీఈ వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు వెతికి, ప్రొబేషన్‌లో (గుర్తింపు పోయే ప్రమాదంలో) లేదని నిర్ధారించుకున్నాకే మిగతా సంగతి.

2. ఆ ప్రోగ్రామ్ ఏం సాధించిందో అంకెల్లో చూడండి

ప్రతి ప్రోగ్రామ్ తన ఫలితాలను అందరికీ కనిపించేలా పెట్టాలని నియమం ఉంది. ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, బీఓసీ మొదటిసారే ఎంతమంది పాసయ్యారు అన్నవి అందులో ఉంటాయి. మొదటిసారి పాసైనవాళ్ల శాతం మూడేళ్లకు కలిపి 70కి తగ్గకూడదు.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఆరుగురే ఉన్న బ్యాచ్‌లో ఒక్కరు తప్పితే శాతం 83కి పడిపోతుంది. కాబట్టి శాతంతో పాటు తలల లెక్క కూడా చూడండి. నూటికి నూరు శాతం పాసైనట్టు కనిపించినా, పది మంది చేరితే ఐదుగురే చివరిదాకా ఉన్నారంటే మిగతావాళ్లు ఎందుకు మానేశారో అడగండి. నా దృష్టిలో పాస్ శాతం కన్నా ఈ రెండో ప్రశ్నే ముఖ్యం.

3. క్లినికల్ (ఆటగాళ్ల దగ్గర ప్రత్యక్షంగా పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ) ఎక్కడ చేయిస్తారో అడగండి

నేను పొరపాటు చేసింది ఇక్కడే. స్టేడియం ఫొటోలు చూసి ముచ్చటపడి చేరిపోయాను. రెండో సెమిస్టర్‌లో నన్ను వేసిన హైస్కూల్ ముప్పై మైళ్ల దూరంలో ఉంది. బస్సు లేదు, నాకు కారు లేదు. ఆ మూడు నెలలు క్లాస్‌మేట్ కారులో వెనక సీట్లో కూర్చునే చదువుకున్నాను. తను లేకపోతే కోర్సు మానేసేదాన్నేమో!

అందుకే చేరకముందే ప్రోగ్రామ్ డైరెక్టర్‌కు మెయిల్ రాయండి. క్లినికల్ సైట్లు ఎన్ని, ఎంత దూరం, సొంత కారు తప్పనిసరా, ఒక్కో ప్రిసెప్టర్ దగ్గర ఎంతమంది విద్యార్థులుంటారు అని అడగండి. ప్రిసెప్టర్ అంటే మైదానంలో మన పక్కనుండి పని నేర్పే సీనియర్. యూనివర్సిటీ జట్లతో పాటు హైస్కూళ్లు, ఆర్థోపెడిక్ క్లినిక్‌లు, సైన్యం, డ్యాన్స్ బృందాలు, ఫ్యాక్టరీల లాంటి చోట్ల కూడా పని చేయించే ప్రోగ్రామ్ అయితే, రేపు ఉద్యోగం వెతికేటప్పుడు అన్ని దారులు తెరిచి ఉంటాయి.

4. దరఖాస్తు

చాలా యూనివర్సిటీలు ఏటీసీఏఎస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా తీసుకుంటాయి. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, సైకాలజీ, అనాటమీ, ఫిజియాలజీ ముందే చదివి ఉండాలి. బీపీటీవాళ్లకు చాలావరకు సరిపోతుంది, కానీ కెమిస్ట్రీ ఇంటర్‌లోనే ఆగిపోతే సరిపోదని కొందరంటారు. సిలబస్ కాపీలు కాలేజీ నుంచి ముందే తెచ్చుకోండి. అథ్లెటిక్ ట్రైనర్ దగ్గర కొన్ని గంటలు పని గమనించి రావాలని చాలాచోట్ల అడుగుతారు. మన దగ్గర ఆ హోదాతో దాదాపు ఎవరూ దొరకరు కాబట్టి స్పోర్ట్స్ ఫిజియో దగ్గర గమనించిన గంటలు ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి. చిన్నప్పటి టీకాల కార్డు, హెపటైటిస్ బి టీకా వివరాలు వెంట ఉంచుకోండి. అవి లేకపోతే క్లినికల్‌కు పంపరు.

5. చేరాక: ఐసు తొట్టి దగ్గరే సగం చదువు

ఆగస్టు ఎండలో ఫుట్‌బాల్ ప్రాక్టీస్ మొదలవుతుంది. పొద్దున్నే అందరికన్నా ముందు వెళ్లి తొట్టిలో నీళ్లు, ఐసు నింపేది మనమే. మొదట్లో ఇది కూలిపని అనిపిస్తుంది. ఎందుకు నింపుతున్నామో తెలిశాక అలా అనిపించదు.

వడదెబ్బ అంటే మనకు మే నెల, పొలంలో కూలీలు, ముసలివాళ్లు గుర్తొస్తారు. కానీ కష్టపడి పరుగెత్తే కుర్రవాళ్లకూ అది వస్తుంది. 2001లో మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్, 2018లో మేరీలాండ్ యూనివర్సిటీ విద్యార్థి జోర్డన్ మెక్‌నేర్ ఇలాగే చనిపోయారు. స్ట్రింగర్ పేరుతో కనెక్టికట్ యూనివర్సిటీలో 2010లో ఒక సంస్థ పెట్టారు. ఇలాంటి మరణాలను ఆపడమే దాని పని.

పద్ధతి ఇది: కుర్రవాడు తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా వెంటనే మలద్వారం ద్వారా ఉష్ణోగ్రత చూడాలి. నోట్లోనో చంకలోనో పెట్టే థర్మామీటర్‌ను ఇక్కడ నమ్మలేం. 40.5 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటే మెడ దాకా ఐసు నీళ్లలో దించి, నీళ్లు కలుపుతూ ఉండాలి. 39 డిగ్రీల దగ్గరికి దిగాకే బయటికి తీస్తారు. అంబులెన్స్ వచ్చినా సరే, ముందు చల్లబరచడం, ఆ తర్వాతే ఆస్పత్రి. ఈ వరస తారుమారైతే ప్రాణం పోవచ్చు.

ప్రాక్టీస్ అయ్యాక ఇంటికి పరుగెత్తకండి. మోకాలు వాచిన పిల్ల వచ్చినప్పుడు ప్రిసెప్టర్ లిగమెంట్‌ను చేత్తో ఎలా పరీక్షిస్తారో చూడండి, మీరూ చేస్తానని అడగండి. ఈ కోర్సులో అవకాశాలు చాలావరకు అడిగినవాళ్లకే వస్తాయి. మన పిల్లలు తెలివైనవాళ్లే, కానీ మొహమాటంతో వెనక నిలబడిపోతారు.

6. క్లాసు బయటి అవకాశాలు

వృత్తి సంఘం పేరు నాటా. అమెరికాలో నాటా అంటే మనకు తెలుగు సంఘమే గుర్తొస్తుంది, ఇది 1950లో పుట్టిన మరో నాటా. విద్యార్థి సభ్యత్వం తీసుకుంటే దాని ఫౌండేషన్ ఇచ్చే స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తు చేయవచ్చు, జూన్‌లో జరిగే వార్షిక సదస్సుకు తక్కువ ఫీజుతో వెళ్లవచ్చు. రాష్ట్ర, ప్రాంతీయ స్థాయుల్లో క్విజ్ పోటీలు ఉంటాయి. జట్టులో చేరండి, బీఓసీ చదువు సగం అక్కడే అయిపోతుంది.

వీటన్నిటికన్నా పెద్దది ఇమ్మర్షన్. కనీసం నాలుగు వారాలు ఏకధాటిగా, పూర్తికాలం ఒకచోట ఉద్యోగిలాగే పనిచేయాలి. మీరు ఎలాంటి ఉద్యోగం కోరుకుంటున్నారో సరిగ్గా అలాంటి చోటే అడగండి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు క్యాంపస్ బయట పనికి సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే) అనుమతి కావాలా అని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో ముందే కనుక్కోవాలి.

7. పరీక్ష, లైసెన్స్, ఉద్యోగం

బీఓసీలో 175 ప్రశ్నలు, నాలుగు గంటల సమయం. చివరి సెమిస్టర్‌లోనే రాయవచ్చు, ప్రోగ్రామ్ డైరెక్టర్ ఆమోదం మాత్రం ఉండాలి. పాసయ్యాక పనిచేయబోయే రాష్ట్రంలో లైసెన్స్‌కు దరఖాస్తు చేయాలి. ఆ తర్వాత రెండేళ్లకోసారి 50 యూనిట్ల కొత్త చదువు చూపిస్తూ ఉండాలి.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. 2023 ప్రభుత్వ లెక్కల్లో ఈ వృత్తిలో మధ్యస్థ జీతం ఏడాదికి సుమారు 58 వేల డాలర్లు. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుని వస్తే బాధపడతారు. ఇంట్లోవాళ్లకు కూడా ఈ అంకె ముందే చెప్పి, ఎడ్యుకేషన్ లోన్ నెలసరి వాయిదా ఎంతవుతుందో పక్కన వేసి చూపండి.

చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేయనిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. మరో 24 నెలలు దొరకాలంటే కోర్సు ప్రభుత్వ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉండాలి, కాబట్టి డిగ్రీకి ఏ కోడ్ ఇస్తారో చేరకముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మనవాళ్లకు పెద్దగా తెలియని విషయం ఒకటుంది. యూనివర్సిటీలు నేరుగా ఇచ్చే ఉద్యోగాలకు హెచ్1బీ (ఉద్యోగ వీసా) లాటరీ లేదు, ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు పెట్టవచ్చు. యూనివర్సిటీ జట్ల దగ్గర అథ్లెటిక్ ట్రైనర్ ఉద్యోగాలు చాలానే ఉంటాయి. వీసా నియమాలు, ఫీజులు ఈమధ్య తరచూ మారుతున్నాయి కాబట్టి, ఇంటర్వ్యూలోనే వీసా స్పాన్సర్ చేస్తారా అని సూటిగా అడగండి. హైస్కూల్ ఉద్యోగం మంచిదే అయినా, స్పాన్సర్ చేసే స్కూళ్లు తక్కువ. ఓపీటీ గడువు కళ్లముందు ఉన్నప్పుడు మొదటి దరఖాస్తులు యూనివర్సిటీలకే పంపండి.