స్వభావం చూసి పిల్లి జాతిని ఎంచుకోవడం ఎలా?

పిల్లిని కొనడానికి పోయేవాళ్లు చూసేవి మూడు: మొహం, బొచ్చు, ధర. స్వభావం సంగతి ఇంటికి తెచ్చిన నెలకు బయటపడుతుంది. అప్పుడు 'గోకుతోంది, ఎవరికన్నా ఇస్తాం' అని వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు. చాలాసార్లు ఆ పిల్లిలో లోపం ఏమీ ఉండదు. పొద్దంతా తాళం వేసి ఉండే ఇంటికి మనిషి వెంటే తిరిగే సయామీస్‌నీ, రేకుల ఇంటికి పొడుగు బొచ్చు పర్షియన్‌నీ తెస్తే ఇంకేం జరుగుతుంది?

వరుస ఇది: ముందు ఇల్లు, తర్వాత జాతి, ఆఖరున కూన. ఈ వరుస మార్చకండి. ముందే కూనను చూస్తే దాని మొహానికి పడిపోతారు, ఇక మిగతా లెక్కలన్నీ దానికి తగ్గట్టు సర్దుకుంటారు.

కావాల్సినవి: ఒక కాగితం, పెన్ను, దారానికి కట్టిన ఈక, స్టీలు చెంచా, ఫోన్లో టైమర్. 'మీకు సరిపోయే పిల్లి ఏది' అనే ఆన్‌లైన్ క్విజ్‌ల జోలికి పోకండి. చలిదేశాల ఇళ్లను మనసులో పెట్టుకొని రాసిన ప్రశ్నలవి. మన మే నెల ఎండ, మన డాబాల మీది కోతులు వాటిలో కనబడవు.

1. ఇంటి లెక్క రాసుకోండి

ఇంట్లో మనిషి లేని గంటలు ఎన్ని? ఎనిమిది దాటితే మనిషి కోసం అరిచే జాతులను కొట్టేయండి, లేదంటే ఒకే ఈతలో పుట్టిన రెండు కూనలను కలిపి తెచ్చుకోండి. ఐదేళ్ల లోపు పిల్లలున్నారా? ఉంటే బెదురు పిల్లి వద్దు.

చప్పుడు సంగతి ఎవరూ రాసుకోరు. కాజీపేట రైల్వే క్వార్టర్స్, గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్ వినబడే వాడలు, వినాయక మండపం పక్కిల్లు... ఇలాంటి చోట్ల పిరికి పిల్లి మంచం కిందే బతుకుతుంది. ఎప్పుడూ ఒత్తిడిలో ఉండే పిల్లికి మూత్రాశయం వాచే ముప్పు ఉంది. మగపిల్లికైతే మూత్రం పూర్తిగా బందై ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి రావచ్చు.

ఎండాకాలం ఏసీ ఉంటుందా, కూలరేనా, అదీ లేదా? రామగుండం, మంచిర్యాల వైపు మేలో 45 డిగ్రీలు కొత్త కాదు. బొచ్చు, ముక్కు విషయంలో సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది. మేడారం జాతరకో, పెండ్లికో నాలుగు రోజులు ఇంటికి తాళం వేస్తే తిండి పెట్టేదెవరు? పేరు రాయండి. 'ఎవరో ఒకరు' అని రాయకండి.

2. జాతుల జాబితా కుదించండి

జాతి పేరు మీద ఎంతవరకు నమ్మకం పెట్టుకోవచ్చు? హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో సుమారు 6,000 పిల్లుల మీద చేసిన అధ్యయనంలో, పిల్లుల ప్రవర్తనల్లో కనిపించే తేడాలో దాదాపు సగం వంశపారంపర్యంగా వస్తుందని తేలింది. మిగతా సగం పెంపకం, పరిసరాలు. కాబట్టి జాతి జాబితాను కుదించడానికి పనికొస్తుంది, పిల్లిని ఖాయం చేసుకోవడానికి పనికిరాదు.

పర్షియన్: నెమ్మది, పెద్దగా దుంకదు, అరవదు. మన దగ్గర 'డాల్ ఫేస్', 'సెమీ పంచ్', 'పంచ్' అని మూడు రకాలుగా అమ్ముతారు. ముక్కు నొక్కుకుపోయినకొద్దీ ధర పెరుగుతుంది, కష్టాలూ పెరుగుతాయి: కండ్ల నుంచి నీళ్లు కారడం, ఊపిరి కష్టం, ఎండకు తట్టుకోలేకపోవడం. ఏసీ లేని ఇంటికి పంచ్ ఫేస్ తేవద్దు. ఇందులో చర్చ లేదు. 'ట్రిపుల్ కోట్' అనేది అమ్మేవాళ్ల మాట, జాతి ప్రమాణాల్లో అలాంటి గ్రేడే లేదు. రోజూ పావుగంట దువ్వాలి. వారం వదిలేస్తే చంకల్లో, తొడల దగ్గర బొచ్చు ఉండలు కట్టి చర్మాన్ని లాగుతుంది. అలా నొప్పితో ఉన్న పిల్లిని ఎత్తుకోబోతే కరుస్తుంది. 'పర్షియన్ కూడా కరుస్తదా' అని ఆశ్చర్యపోయేవాళ్లు ముందు దాని చంకలు తడిమి చూడాలి.

సయామీస్: ఇది మాటకారి. గది గదికీ వెంట తిరుగుతుంది, జవాబు చెప్పకపోతే గొంతు పెంచుతుంది. పెద్దమనుషులు పొద్దంతా ఇంట్లో ఉండే చోట బాగా కలిసిపోతుంది. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లకు నరకం.

బెంగాల్: వంశంలో లెపర్డ్ క్యాట్ అనే అడవి జంతువు రక్తం ఉంది. రోజూ చాలాసేపు పరుగు, ఎక్కుడు, వేట ఆట కావాలి. రెండు గదుల ఫ్లాట్‌లో దీన్ని పెట్టి కర్టెన్లు చింపిందని తిట్టడం అన్యాయం.

మెయిన్ కూన్, రాగ్‌డాల్: రెండూ సాధువులే. మెయిన్ కూన్ మగది ఆరు నుంచి ఎనిమిది కిలోలు, కొన్ని అంతకన్నా ఎక్కువ తూగుతాయి. పూర్తి ఆకారానికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. రాగ్‌డాల్‌ను 1960లలో కాలిఫోర్నియాలో తయారుచేశారు. ఎత్తుకుంటే చాలావరకు ఒళ్లు వదిలేస్తుంది. ఇంత మెతకది కోతులు, కుక్కలు తిరిగే డాబా మీద బతకదు, ఇంటిపట్టునే ఉంచాలి. రెండింటికీ గుండె కండరం మందమయ్యే జబ్బు వంశంలో రావచ్చు. తల్లిదండ్రుల గుండె పరీక్ష, వంశం వివరాలుండే పెడిగ్రీ కాగితం చూపించకపోతే లేచి రండి. పొడుగు బొచ్చు మిశ్రమ పిల్లుల్ని ఈ పేర్లతో అంటగట్టేవాళ్లు ఉన్నారు.

బ్రిటిష్ షార్ట్‌హెయిర్: గుండ్రటి మొహం చూసి దీన్ని ఒళ్లో పెట్టుకోవాలని కొంటారు. పైన చెప్పిన అధ్యయనంలోనే మనిషి స్పర్శను తక్కువగా కోరుకునే జాతుల్లో ఇది ముందుంది. పక్కన కూర్చుంటుంది, ఎత్తుకుంటే దిగిపోతుంది. అది చాలనుకునే ఇంటికి బంగారం.

నాటు పిల్లి: మొదటిసారి పెంచేవాళ్లు ఇదే తీసుకోవాలి. పొట్టి బొచ్చు, పొడుగు ముక్కు, మన ఎండకు అలవాటు పడ్డ ఒళ్లు. కూన కన్నా ఏడాది దాటిన పిల్లి ఇంకా మేలు, దాని స్వభావం అప్పటికే కళ్లముందు ఉంటుంది కాబట్టి ఊహించే పని లేదు. అయితే నాటు పిల్లుల్లో స్వభావం ఒక్కోదానిది ఒక్కో తీరు. నాలుగో మెట్టు వీటికే ఎక్కువ అవసరం.

రంగును బట్టి గుణం చెప్పే కబుర్లు పక్కన పెట్టండి. నల్లపిల్లి అపశకునమనేది కూడా. ఒక్కటి మాత్రం నిజం: రెండు కండ్లూ నీలంగా ఉన్న తెల్లపిల్లుల్లో చాలావాటికి చెవుడు ఉంటుంది.

3. ఫోన్లో నాలుగు ప్రశ్నలు

వయసెంత? తల్లి అక్కడే ఉందా? ఇంట్లో మనుషుల మధ్య పెరిగిందా, పంజరంలోనా? తోడబుట్టినవి ఉన్నాయా? 2018 పెట్ షాప్ నియమాల ప్రకారం దుకాణంలో ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదు. పన్నెండు వారాలదాకా తల్లి దగ్గరుంటే ఇంకా మంచిది. ఒంటరిగా సీసా పాలతో పెరిగిన కూనకు తోబుట్టువులతో కుస్తీ పట్టి 'ఇంత గట్టిగా కరిస్తే నొప్పి' అని నేర్చుకునే అవకాశం ఉండదు. పెద్దయ్యాక మీ చెయ్యే దాని తోబుట్టువు.

4. కూనను పరీక్షించడం: తప్పంతా ఇక్కడే

కూనకు మనిషి మీద నమ్మకం కుదిరేది ముఖ్యంగా రెండో వారం నుంచి ఏడో వారం లోపు. ఆ రోజుల్లో మనిషి చెయ్యి తగలని కూన ఏ జాతిదైనా ముడుచుకునే ఉంటుంది. తర్వాత మారదని కాదు, నెలల ఓపిక పడుతుంది. మీరు వెతకాల్సింది ఆ రోజులు బాగా గడిచిన కూనను.

పోయే సమయం సాయంత్రం ఐదు, ఆరు. మధ్యాహ్నం పోతే కూనలన్నీ నిద్రలో ఉంటాయి. కడుపు నిండి జోగుతున్న కూనను చూసి 'ఎంత సాధువో' అనుకొని తెచ్చినవాళ్లు మూడో రోజు పొద్దున్నే కర్టెన్ మీద దాన్ని చూస్తారు. తిని గంటన్నరైనా అయ్యాక చూడాలి.

ముందు తల్లిని చూడండి. కొత్త మనిషి రాగానే దాక్కుంటుందా, వచ్చి వాసన చూస్తుందా? వీలైతే తండ్రినీ. కలివిడి తండ్రికి పుట్టిన కూనలు, తండ్రి వాటి దగ్గర లేకపోయినా, చాలావరకు ధైర్యంగా ఉంటాయి.

ఇప్పుడు నేల మీద కూర్చోండి. పది నిమిషాల టైమర్ పెట్టండి. పిలవొద్దు, ముట్టొద్దు, ఫొటోలు తీయొద్దు. ఇది మనవాళ్లకు అస్సలు చేతకాదు, రెండో నిమిషానికే 'మ్యావ్ మ్యావ్' అంటూ చెయ్యి చాస్తారు. మీ చెయ్యి కదిలిందంటే ఆ కూన మీకు జవాబిస్తోంది, దాని సొంత గుణం మీకు కనబడదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిందొకటి ఉంది. అమ్మేవాళ్లు ఒక కూనను మెడ దగ్గర ఎత్తి మీ చేతిలో పెట్టి, 'అన్నా, మస్తు కామ్ ఉంటది, ఎట్ల పట్టుకున్నా ఏమనది' అంటారు. అది కదలదు. మీకు నచ్చుతుంది. కానీ భయంతో బిగుసుకుపోయిన కూన కూడా కదలదు. తేడా దగ్గరినుంచి చూస్తేనే తెలుస్తుంది. భయపడ్డ కూన కంటిపాప వెలుతురులో కూడా పెద్దగా, నల్లగా విచ్చుకొని ఉంటుంది. చెవులు పక్కలకు వాలి ఉంటాయి. తోక ఒంటికి గట్టిగా చుట్టుకుంటుంది. వీపు మీద అరచెయ్యి పెడితే కండరం గట్టిగా తగులుతుంది. తిండి ముక్క ముందు పెట్టినా ముట్టదు. నిజంగా నెమ్మదస్తురాలైన కూన కండ్లు సగం మూస్తుంది, చెవులు చప్పుళ్లకు అటూ ఇటూ తిరుగుతాయి, ఒళ్లు మెత్తగా చేతిలో జారుతుంది, ముక్క పెడితే తింటుంది.

ఇంకో మోసం జబ్బు. జ్వరంతో ఉన్న కూన కూడా 'కామ్'గానే ఉంటుంది. కంటి మూలలో తెల్లపొర పైకి వచ్చినా, ముక్కు కారుతున్నా, తోక కింద మలం అంటుకొని ఉన్నా ఆ రోజు స్వభావం గురించి ఏమీ తేల్చుకోవద్దు.

పది నిమిషాలయ్యాక వేలిని కూన ముక్కు ఎత్తులో, అడుగు దూరంలో పెట్టండి. వచ్చి వాసన చూసి చెంప రుద్దితే కలివిడిది. వచ్చి వెనక్కి పోతే జాగ్రత్తపరురాలు, పెద్దమనుషులున్న నిమ్మళమైన ఇంటికి ఇదే సరిగ్గా సరిపోతుంది. తర్వాత ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక కాళ్ల కింద ఒక చెయ్యి పెట్టి ఇరవై సెకన్లు ఎత్తండి. గింజుకోవడం తప్పు కాదు, దింపాక మళ్లీ దగ్గరికి వస్తుందా అన్నదే చూడాలి.

చెంచాను ఆరేడు అడుగుల అవతల గచ్చు మీద పడేయండి. ఉలిక్కిపడాలి, అది ఆరోగ్యం. అర నిమిషంలో తిరిగి ఆటలో పడితే బ్లాస్టింగ్ వాడకైనా, డీజే వీధికైనా పనికొస్తుంది. ఐదు నిమిషాలైనా సోఫా కింద నుంచి రాకపోతే చప్పుడు లేని ఇల్లు కావాలి దానికి. అసలు చెవి కూడా కదపకపోతే ధైర్యమనుకోకండి, చెవుడేమో డాక్టర్‌తో చూపించాలి. ఆఖరుగా ఈక ఆడించండి. ఈకను వదిలి పదే పదే చేతినే పట్టి కరిచే కూన చిన్నపిల్లలున్న ఇంటికి వద్దు.

రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ పోయి ఇదంతా మళ్లీ చేయండి. ఈసారి పొద్దంతా పిల్లితో ఉండబోయే మనిషిని, అత్తమ్మనైనా బాపునైనా, నేల మీద కూర్చోబెట్టండి. డబ్బులిచ్చే మనిషికి నచ్చి, ఇంట్లో ఉండే మనిషికి కుదరని పిల్లులే ఎక్కువగా వెనక్కి వస్తాయి. మూలకు నక్కిన కూన మీద జాలితోనో, అందరికన్నా ముందు దుంకిన దాని హుషారు చూసో తీసుకోకండి. మొదటి కాగితంలో రాసిన ఇంటికి ఏది సరిపోతే అదే.

5. డాక్టర్, కాగితాలు

బయానా ఇచ్చే ముందే డాక్టర్‌కు చూపించండి. వరంగల్ చుట్టుపక్కల వాళ్లకు మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. మూడు వైరస్‌ల టీకా ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయిస్తారు. రేబిస్ టీకా పన్నెండు వారాలు దాటాక. పర్షియన్ కూనల్లో గజ్జి, తామర చూడమని అడగండి, తామర మనుషులకూ అంటుకుంటుంది. తల్లిదండ్రుల్లో కిడ్నీ తిత్తుల జబ్బుకు జన్యు పరీక్ష చేయించారా అనీ అడగండి.

6. తెచ్చాక

గాలి ఆడే పంజరంలో తీసుకురండి, సంచిలో పెట్టి బండి మీద కాదు. మొదటి వారం ఒకే గది, మలమూత్రాలకు ఒక లిట్టర్ డబ్బా, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. బంధువులను పిలిచి చూపించొద్దు. రెండు వారాలు నిండేదాకా దాని గుణం మీద తీర్పు చెప్పకండి, పరీక్షలో కలివిడిగా ఉన్న కూన కూడా కొత్త ఇంట్లో నాలుగు రోజులు బీరువా వెనకాలే ఉండొచ్చు.

ఐదారు నెలలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. చేయించని మగపిల్లి గోడల మీద మూత్రం చిమ్ముతుంది, రాత్రంతా అరుస్తుంది, కిటికీ దొరికితే బయటికి పోయి కొట్లాడి వస్తుంది. దాన్ని చూసి జాతి మంచిది కాదని ఇంకో జాతి కోసం వెతికేవాళ్లున్నారు. ముందు ఆపరేషన్ చేయించి, రెండు నెలలు ఆగి చూడండి.