ఇంట్లో రికార్డు చేసిన స్కా పంక్ ఆల్బం: సమస్య - పరిష్కారం

2000ల మధ్యలో న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌కు చెందిన జెఫ్ రోజెన్‌స్టాక్, బాంబ్ ద మ్యూజిక్ ఇండస్ట్రీ అనే పేరుతో, స్కాకు వేగమైన పంక్ రాక్‌ను కలిపిన స్కా పంక్ పాటలను ఇంట్లో రికార్డు చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టడం మొదలుపెట్టారు. ఆ పాటల్లో ఉన్న గరుకుదనాన్ని శ్రోతలు లోపంగా భావించలేదు. కాబట్టి ఇంటి రికార్డింగులో వినబడే ప్రతి మరకనూ తుడవాలని కూర్చోనవసరం లేదు. స్కా 1950ల చివర జమైకాలో పుట్టిన నాటి నుంచీ దానికి ప్రాణం దెబ్బకూ దెబ్బకూ నడుమ పడే గిటార్ విరుపు, అంటే ఆఫ్‌బీట్. దానిని మింగేసే లోపాలను ముందు సరిచేయాలి, మిగిలినవాటి సంగతి తరువాత చూసుకోవచ్చు.

సమస్య: గిటార్ ఆఫ్‌బీట్ ముద్దగా వినబడుతోంది

నిమిషానికి 180 దెబ్బల వేగంలో దెబ్బకూ ఆఫ్‌బీట్‌కూ మధ్య ఉండే వ్యవధి సుమారు 167 మిల్లీసెకన్లు మాత్రమే. ఖాళీ గోడల గదిలో ఒక విరుపు మోగడం ఆగకముందే తరువాతి డ్రమ్ దెబ్బ వచ్చి పడుతుంది, దాంతో రెంటికీ మధ్య ఉండవలసిన నిశ్శబ్దం పోతుంది. అయితే గదిని నిందించే ముందు వాయించేవారి ఎడమచేతిని గమనించాలి. కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) కొట్టిన వెంటనే వేళ్లను తీగల మీదనే ఉంచి నొక్కుడు మాత్రం సడలిస్తే శబ్దం తెగుతుంది. వేళ్లను పూర్తిగా ఎత్తేస్తే ఖాళీ తీగలు మోగుతూనే ఉంటాయి. నేను చూసినంతవరకు సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

చేయి సరిగానే ఉంటే ఆంప్లిఫయర్ వెనుక పరుపును నిలబెట్టి, దళసరి దుప్పట్లు వేలాడదీసి మళ్లీ రికార్డు చేయాలి. గిటార్ శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్‌ను పంక్ వేగంతో సాగే కోరస్‌కే పరిమితం చేసి, స్కా భాగాన్ని శుభ్రమైన టోన్‌తో వాయించాలి. ట్రాకులన్నిటినీ కలిపే మిక్స్‌లో గిటార్‌కు 150 నుంచి 200 హెర్ట్జ్ దిగువన ఉన్నదంతా తగ్గిస్తే బేస్ గిటార్‌కు చోటు దొరుకుతుంది. అలా తగ్గించిన గిటార్ విడిగా వింటే పీలగా అనిపిస్తుంది కనుక, దానిని ఎప్పుడూ బేస్, డ్రమ్స్‌తో కలిపే వినాలి.

సమస్య: ట్రంపెట్ బిగ్గరగా ఊదినప్పుడు శబ్దం పగిలిపోతోంది

ముందు గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే మోతాదు, తగ్గించి అదే స్వరాల వరుసను మళ్లీ ఊదించాలి. మీటర్ కిందికి దిగి పగులు కూడా పోతే తప్పు గెయిన్‌ది. మీటర్ దిగినా పగులు అలాగే ఉంటే తట్టుకోలేకపోతున్నది మైకే. ల్యాప్‌టాప్‌లో అమర్చి వచ్చే మైకుకు ఈ రెండో జబ్బు ఎక్కువ. మైకును ఒక మీటరు దూరానికి జరిపి, ట్రంపెట్ నోటిని సూటిగా కాకుండా కొద్దిగా పక్కకు తిప్పించి, మైకుకు 10 డెసిబెల్స్ తగ్గించే స్విచ్ ఉంటే దానిని వేయాలి. అత్యధిక శబ్దం కూడా మీటర్‌లో మైనస్ 10 డెసిబెల్స్ దాటకపోతే మంచిది. డిజిటల్‌గా పగిలిన శబ్దాన్ని తరువాత అతికించడానికి రాత్రంతా కూర్చోవడం కంటే మరొకసారి ఊదించుకోవడం మేలు.

సమస్య: హార్న్స్ (ట్రంపెట్ వంటి ఊదే వాద్యాలు) గిటార్‌తో శ్రుతి కలవడం లేదు

తేడా ఎంత ఉందో వినడంలోనే సగం పరిష్కారం ఉంది. కొద్దిగా కిందికి ఉంటే వాద్యం చల్లగా ఉన్నట్టు. పది నిమిషాలు ఊదించి, వేడెక్కిన తరువాత స్లైడ్‌తో శ్రుతి చేయించాలి. సరిగ్గా ఒక పూర్తి స్వరం కిందికి ఉంటే తప్పు చెవిది కాదు, కాగితానిది. ట్రంపెట్ బి ఫ్లాట్ వాద్యం కనుక, గిటార్ కోసం రాసిన స్వరాలను ఉన్నవి ఉన్నట్టు చదివితే అంత కిందికే పలుకుతుంది.

దీనికి తోడు మరొక చిక్కు ఉంది. గిటార్ వాయించేవారికి సులువైన ఇ శ్రుతి ట్రంపెట్‌కు ఆరు షార్ప్‌లున్న (ఆరు స్వరాలను అర స్వరం పెంచి ఊదవలసిన) ఎఫ్ షార్ప్ అవుతుంది, ఆ వేగంలో దానిలో తడబడకుండా ఊదడం కష్టం. గిటార్‌కు మొదటి ఫ్రెట్ (మెడ మీది లోహపు పట్టీ) దగ్గర తీగలన్నిటినీ నొక్కిపట్టే కాపో అనే క్లిప్పు బిగించి, చేతికి అలవాటైన ఆకారాలతోనే ఎఫ్‌లో వాయిస్తే ట్రంపెట్‌కు ఒక్క షార్ప్ మాత్రమే ఉన్న జి వస్తుంది. గాయకుడు అర స్వరం పైకి పాడవలసి వస్తుంది కాని, స్కా పంక్‌లో ఆ అరుపుకు అభ్యంతరం చెప్పేవారు అరుదు.

సమస్య: తరువాత జోడించిన ట్రాక్ వెనుకబడుతోంది

పాట మొదట్లోనూ చివరా ఒకే మేరకు వెనుకబడితే అది కంప్యూటర్ ఆలస్యం. సెకనుకు 44,100 శాంపిళ్లు (శబ్దపు కొలతలు) తీసే 44,100 హెర్ట్జ్ వద్ద, కంప్యూటర్ ఒక్కసారిగా పోగేసుకునే 512 శాంపిళ్ల బఫర్ ఒక్కటే దాదాపు 12 మిల్లీసెకన్లు తింటుంది. బఫర్‌ను 128కి తగ్గించి, మైకును కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా హెడ్‌ఫోన్స్‌లో వింటూ వాయించాలి. ఇప్పటికే రికార్డు చేసినదాన్ని అంత మేరకు ముందుగా మొదలయ్యేలా జరిపితే సరిపోతుంది. పాట సాగేకొద్దీ తేడా పెరుగుతుంటే మాత్రం డ్రమ్స్ ఫోన్‌లో, గిటార్ కంప్యూటర్‌లో రికార్డై, ఆ రెండు యంత్రాల గడియారాలు కలవడం లేదని అర్థం. అప్పుడు ట్రాక్‌ను ముక్కలుగా కోసి సర్దుకోవాలి. తేడాతో పాటు శ్రుతి కూడా సుమారు ఒకటిన్నర అర్ధస్వరం మారిందంటే 48,000లో చేసిన ఫైలును 44,100గా చదివించారన్నమాట.

సమస్య: స్నేర్ డ్రమ్ పలచగా వినబడుతోంది

సాధారణంగా డ్రమ్స్ పైన పెట్టిన రెండు మైకులకు శబ్దం వేర్వేరు సమయాల్లో చేరుతోంది. స్నేర్ నడుమ నుంచి ఒక దారాన్ని సాగదీసి, రెండు మైకులనూ అదే దూరంలో నిలపాలి. స్నేర్‌కు దగ్గరగా పెట్టిన మైకుకు పోలారిటీ (శబ్ద తరంగం ఎగువ దిగువలు) మార్చి, ఏ స్థితిలో డ్రమ్ నిండుగా ఉందో దానినే ఉంచుకోవాలి.

సమస్య: హమ్, టేపు సుయ్యిమనే శబ్దం

హమ్, అంటే గుయ్యిమని సాగే శబ్దం, సాధారణంగా కరెంటు నుంచి వస్తుంది. అమెరికాలో 60, మన దేశంలో 50 హెర్ట్జ్ దగ్గరా, వాటి గుణిజాల దగ్గరా వినబడుతుంది. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపితే పోయిందంటే కారణం ఛార్జరే. టేపు శబ్దాన్ని మాత్రం శబ్దం తగ్గగానే ట్రాక్‌ను మూసేసే నాయిజ్ గేట్‌తో కోయకూడదు, ఎందుకంటే గేటు ప్రతి ఆఫ్‌బీట్‌కూ తెరుచుకుని మూసుకుంటూ ఆ సుయ్యిమనే శబ్దాన్ని కూడా తాళానికి ఊగిస్తుంది. పాట పొడుగునా ఒకే తీరుగా ఉన్నప్పుడు గమనించని శ్రోత దానిని అప్పుడు గమనిస్తాడు.