అమెరికాలో తొలి ఇంటికి డౌన్ పేమెంట్ సాయం పొందడం ఎలా

ముందుగా మీరు అర్హులో కాదో చూసుకోండి. చాలా పథకాల్లో ‘తొలిసారి కొనుగోలుదారు’ అంటే జీవితంలో ఎన్నడూ ఇల్లు కొననివారని కాదు, గడచిన మూడేళ్లలో తాము నివసించే ఇంటికి యజమానులు కానివారని అర్థం. అయితే ఆదాయ పరిమితి ఉంటుంది కనుక, భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైన కుటుంబాలు తరచుగా ఇక్కడే ఆగిపోతాయి. హెచ్-1బీ వీసాదారులు మరొకటి గమనించాలి: 3.5 శాతం డౌన్ పేమెంట్‌తో దొరికే, కేంద్ర ప్రభుత్వ గృహ సంస్థ బీమా ఇచ్చే ఎఫ్‌హెచ్‌ఏ రుణం 2025 మే 25 నుంచి శాశ్వత నివాసులు కానివారికి అందుబాటులో లేదు. కాబట్టి దానితో ముడిపడిన సాయమూ వారికి అందదు.

తర్వాత మీ రాష్ట్ర గృహ రుణ సంస్థ వెబ్‌సైట్‌లో సాయం ఏ రూపంలో ఉందో చదవండి. కొన్ని చోట్ల అది తిరిగి చెల్లించనక్కరలేని గ్రాంటు. కొన్ని చోట్ల నిర్ణీత కాలం ఆ ఇంట్లోనే ఉంటే మాఫీ అయ్యే రెండో రుణం. కాలిఫోర్నియాలోని మైహోమ్ వంటి పథకాల్లో మాత్రం నెలవారీ వాయిదా లేకపోయినా, ఇల్లు అమ్మినప్పుడో, రీఫైనాన్స్ చేసినప్పుడో (అంటే పాత రుణం తీర్చి కొత్తది తీసుకున్నప్పుడో) ఆ మొత్తం చెల్లించవలసి వస్తుంది. ఉచితమన్న మాట విని సంతోషించే ముందు, సాయం లేని రుణంతో వడ్డీ రేటును పోల్చి చూడండి. తేడా ఉంటే ఆ భారం ముప్పై ఏళ్లు మీదే.

ఈ సాయం నేరుగా చేతికి రాదు. సంస్థ గుర్తించిన రుణదాత ద్వారానే దరఖాస్తు చేయాలి, చాలా చోట్ల గృహ కొనుగోలు శిక్షణ ధ్రువపత్రం కూడా అడుగుతారు. నిధులు అయిపోతే పథకం ఆగిపోవచ్చు కాబట్టి, ఇంటికి ఆఫర్ ఇవ్వకముందే రుణదాతతో మాట్లాడండి.