ఎండలు ముదరకముందే పూలకుండీల సంగతి చూసుకోండి

నేలలో పెరిగే మొక్కకు పైన ఎండ మండినా వేళ్లు చల్లదనం ఉన్న లోతుకు పోతాయి. కుండీలో ఆ దారి లేదు. అందుకే వేసవిలో పూల కంటే ముందు వేళ్లను కాపాడుకోవాలి.

చిన్న నల్ల ప్లాస్టిక్ కుండీలు ఎండకు చెయ్యి పెట్టలేనంత కాలిపోతాయి. వీలైతే లేత రంగువి, కాస్త పెద్దవి తీసుకోండి. ఉన్నవాటితోనే సర్దుకోవాలంటే, దగ్గర దగ్గరగా పెట్టి పెద్దవాటి నీడలో చిన్నవాటిని ఉంచండి. అడుగున రంధ్రం తప్పనిసరి. నీళ్లు బాగా దిగుతాయని అడుగున గులకరాళ్లు పరుస్తారు గానీ దానివల్ల లాభం లేదు, మట్టికి చోటు తగ్గడం తప్ప. ఉత్త తోటమట్టి నింపితే గట్టిపడిపోతుంది. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), కంపోస్టు కలిపి గుల్లగా ఉంచండి. అయితే కోకోపీట్ ఒకసారి పూర్తిగా ఎండిందంటే, పోసిన నీళ్లు పక్కలనుంచి జారి కిందికి వచ్చేస్తాయి. తడిసిందనుకుంటాం, లోపల పొడిగానే ఉంటుంది. అప్పుడు కుండీని అరగంట నీళ్ల టబ్బులో పెట్టడమే మందు.

నీళ్ల దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. నేనూ చేశాను. మధ్యాహ్నం పెటూనియా పూలమొక్కలు తలలు వాల్చేస్తే టెన్షన్ పడి రోజుకు మూడుసార్లు పోశాను. వారానికి కాడలు మొదళ్ల దగ్గర మెత్తబడి, పీకితే గోధుమరంగు వేళ్లు జిగటగా చేతికొచ్చాయి. నడి ఎండలో వాలిన ఆకు సాయంత్రానికి తనంతట తానే లేస్తే అది దాహం కాదు. వేలు రెండు కణుపులు మట్టిలో దింపి చూడండి. పొడిగా తగిలితేనే, పొద్దున్నే, అడుగునుంచి కారేదాకా పోయండి. ఎండలో పడున్న పైపులోంచి మొదట వచ్చేవి సలసలకాగే నీళ్లు. అవి పక్కకు వదిలేశాకే మొక్కవైపు తిప్పండి. పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి, దోమలు గుడ్లు పెడతాయి.

నర్సరీ నీడలో పెరిగిన నారును తెచ్చీ తేగానే ఎండలో పెట్టొద్దు. వారం, పది రోజులపాటు రోజుకో గంట చొప్పున ఎండ పెంచండి. బంతి, జీనియా, నాచుపూలు ఎండను తట్టుకుంటాయి. బిళ్ళగన్నేరు కూడా గట్టిదే, కానీ మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే కుళ్లుతుంది. ఇంపేషన్స్ పూలమొక్కను నీడలోనే ఉంచండి.

ఎరువు పొడిమట్టిలో వెయ్యకండి, వేళ్లు మాడతాయి. ముందు తడిపి, రెండు వారాలకోసారి పలచగా ఇస్తే చాలు. వాడిన పూలు తుంచేస్తుంటే కొత్త మొగ్గలు వస్తాయి.

ఆకు మీద సన్నటి పసుపు చుక్కలు, ఆకు కింద సాలెగూడులాంటి సన్నటి దారాలు కనిపిస్తే ఎర్రనల్లి అనే సన్న పురుగు పట్టినట్టే. పొడి వేడికి అది ఇట్టే పెరుగుతుంది. ఆకుల అడుగుభాగం మీద నీటిధార గట్టిగా కొట్టండి, రెండు మూడు రోజులకోసారి మళ్లీ చూడండి.

ఇంకొకటి. పిట్టగోడ మీద, రెయిలింగ్‌కు వేలాడే కుండీలను తడిపాక ఒకసారి ఎత్తి చూడండి. లీటరు నీరంటే కిలో బరువు. వేసవి గాలివానకు ముందే వాటిని కిందికి దించి పెట్టండి.