వానాకాలం ముందు మీటియర్‌కి పార్ట్స్ వేయిస్తున్నోళ్ళు ఇవి చూసుకోండి

మబ్బు పట్టిందంటే శ్రీశైలం ఘాట్ గుర్తొస్తది, ఘాట్ గుర్తొస్తే బండికి ఏదో ఒకటి తగిలించాలనిపిస్తది. నాదీ అదే జబ్బు. పోయిన వానాకాలం నా రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 బైక్‌కి ఒక్క శనివారంలోనే ఫాగ్ లైట్లు, హ్యాండిల్‌ని కాస్త పైకి లేపే రైజర్లు, లెగ్ గార్డ్ అన్నీ వేయించేసి ఆదివారం బయల్దేరిన. అన్నీ ఒకేసారి వేయిస్తే దారిలో తేడా కొట్టినప్పుడు దొంగ ఎవడో తెల్వదు. ఒకటి వేయించి నాలుగు రోజులు ఆఫీసుకి తిప్పినాకే ఇంకోటి వేయించండి.

వైరింగ్ గురించే ఎక్కువ చెప్తా. నాకు లైట్లు బిగించినాయన హెడ్‌లైట్ వైరు గీకి అక్కడే జాయింట్ కొట్టి నల్ల టేప్ చుట్టేసిండు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్ డబ్బా) లేదు, ఫ్యూజ్ లేదు. శ్రీశైలం దారిలో అడవి మొదలయ్యే మన్ననూర్ దాటినాక వాన దంచింది, చీకటి పడుతుంటే లైట్లు రెండుసార్లు మిణుకుమని హెడ్‌లైట్‌తో సహా పోయినయ్. ఆ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తరు, ఆ కంగారొకటి. ఫోన్ టార్చ్ వేసి చూస్తే టేప్ జిగురు జారిపోయి రాగి తీగ ఫ్రేముకి ఆనుతోంది. ఫాగ్ లైట్ల వైరు పీకేసి, స్పేర్ ఫ్యూజ్ వేసి ఎట్లనో బయటపడిన.

అందుకే, బ్యాటరీ నుంచి ముందు ఫ్యూజ్, తర్వాత రిలే, ఆ తర్వాతే లైట్లు, స్విచ్ వైరు రిలేని ఆన్ చేయడానికి మాత్రమే. 40 వాట్లవి రెండంటే 80, 12తో భాగిస్తే 7 ఆంపియర్లు కూడా కాదు, 10 ఆంపియర్ ఫ్యూజ్ చాలు. మాటిమాటికీ పోతోందని 30ది వేస్తరు కొందరు, అప్పుడు ఫ్యూజ్ కంటే ముందు వైరే కాలుద్ది బాబూ. టేప్ వద్దు, వేడి చేస్తే వైరుని బిగుతుగా పట్టుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వేయమనండి. కంపెనీ వైరు కోయకుండా కప్లర్‌తో (ప్లగ్ లాంటిది) తగిలించే కిట్ దొరికితే ఇంకా మంచిది, వారంటీ దగ్గర గొడవుండదు.

రైజర్లకి ఇంట్లోనే ఒక టెస్ట్ ఉంది. బండి స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండిల్ ఎడమకీ కుడికీ చివరిదాకా తిప్పండి. ఆక్సిలరేటర్ ముట్టుకోకుండానే సౌండ్ లేచిందంటే కేబుల్ గుంజుతున్నట్టే, నాది కుడివైపు తిప్పితే లేచేది, ఘాట్‌లో యూటర్న్ దగ్గర అట్ల లేస్తే లోయే. బ్రేక్ హోస్ కూడా బిర్రుగా లాగకుండా ఉందో వేలితో నొక్కి చూడండి.

లెగ్ గార్డ్ బోల్టులు వంద కిలోమీటర్లకి ఒకసారి వదులవుతయేమో పానా పెట్టి చూడండి. సైలెన్సర్ జోలికి మాత్రం పోకండి, బీఎస్6 (పొగ కాలుష్యం రూల్) బండికి సైలెన్సర్ లైన్లో ఆక్సిజన్ సెన్సార్ ఉంటది, ఊరికే చెక్ ఇంజిన్ లైట్ వెలిగే ఛాన్స్ ఉంది, పైగా సౌండ్‌కి మోటార్ వెహికల్స్ చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 దాకా ఫైన్. ఆ డబ్బులతో మంచి టైరే వస్తది.

వెళ్ళే ముందు రోజు రాత్రి లైట్లన్నీ వేసి పైపుతో మెల్లగా నీళ్ళు కొట్టి ఒక పది నిమిషాలు చూడండి. మిణుకుమంటే ఇంటి ముందే మిణుకుమంటది కదా. స్పేర్ ఫ్యూజులు రెండు పర్సులో పడేసుకోండి, రెండూ కలిపి చాయ్ ఖర్చు కూడా కావు.